దేవుడి ముంతలో మాత్రలు

అనగనగా, వరి కంకి మొలవని, ఉప్పు మాత్రమే పండే ఒక ఊళ్ళో సలోమమ్మ అనే పెద్దావిడ ఉండేది. ఇలా దగ్గరికి జరుగు కెజియా, దుప్పటి సగం నాకు వదులు. ఆఁ, ఇప్పుడు విను.

ఆ ఊరికి ఒకవైపు సముద్రం, మిగతా మూడు వైపులా ఉప్పు మడులు. ఎండాకాలం ఆ మడులు పాలు ఒలకబోసినట్టు తెల్లగా ఉండేవి. వానాకాలం వస్తే మడుల నిండా నీళ్ళే. పనుండదు, కూలి ఉండదు. బియ్యం ఎక్కడో పై ఊళ్ళ నుంచి రావాలి. అందుకని అక్కడి వాళ్ళకి బియ్యపు గింజంటే బంగారం.

ఆ ఊళ్ళో రేకుల కప్పు ఉన్న చిన్న చర్చి ఉండేది. చర్చికి వెళ్ళే ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక మట్టి ముంత ఉండేది. పొద్దున్నే ఎసరు పెట్టి, బియ్యం కడగబోయే ముందు, అందులోంచి పిడికెడు తీసి ఆ ముంతలో వేసేవాళ్ళు. అది దేవుడి పిడికెడు. ఇంట్లో ఎంత ఇరుకైనా అది మాత్రం తప్పేది కాదు.

ఆదివారం పొద్దున అందరూ ముంతలు చర్చికి తెచ్చి పెద్ద గంగాళంలో పోసేవాళ్ళు. ఆ బియ్యంతోనే చర్చి పనులు నడిచేవి, క్రిస్మస్ విందు జరిగేది. ఒకసారి ముంతలో పడిన గింజ మళ్ళీ ఇంటి కుండలోకి రాకూడదు. అదీ వాళ్ళ కట్టుబాటు.

ఆ బియ్యం కొలిచేది మార్తమ్మ. సలోమమ్మకి ఆడపడుచు. మనిషి మంచిదే గానీ, మాట మాత్రం ఉప్పుగల్లంత గరుకు.

ఇక సలోమమ్మకి ఏమో ఒక దిగులుండేది. మరపు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. కాళ్ళకి చెప్పులు వేసుకునే చెప్పుల కోసం వెతికేది. ఒకనాడు మూడు సంగతులు గుర్తుండాలని కొంగుకి మూడు ముడులు వేసుకుంది. సాయంత్రానికి ముడులు మూడూ ఉన్నాయి గానీ, దేనికోసం వేసుకుందో ఒక్కటీ గుర్తు లేదు. అప్పుడు ఆ ముడులు విప్పేసి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది.

నవ్వకు. పెద్దయితే నీకూ తెలుస్తుంది.

ఒక ఏడు అక్టోబరు నెలలో వానలు పట్టుకున్నాయి. ఒక ఆదివారం ఆరాధన అయి అందరూ బయటికి వస్తుంటే, చర్చి మెట్ల మీద ఒకాయన పడి ఉన్నాడు. భుజాన పెద్ద గుడ్డ సంచి. సంచిలోంచి గొడుగు కమ్మీలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఊరూరా తిరిగి గొడుగులు బాగుచేసే మనిషి ఆయన. అందరి గొడుగులూ బాగుచేసి తను మాత్రం నిలువునా తడిసిపోయాడు.

పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు, అంత చిక్కిపోయాడు. దగ్గితే మనిషి రెండుగా మడతపడిపోతున్నాడు. తువాలు మీద నెత్తురు చారలు.

జనం మెట్లకి ఆ పక్క నుంచి దిగి వెళ్ళిపోయారు. చెడ్డవాళ్ళు కాదమ్మా. భయం. ఇంట్లో పిల్లలున్నారు కదా.

సలోమమ్మ మాత్రం దిగలేదు. పక్కన కూర్చుంది. "నీ పేరేంటయ్యా?" అంది.

"భద్రయ్య," అన్నాడాయన. "దగ్గరికి రాకమ్మా. మంచి దగ్గు కాదిది. పైగా నేను మీ మతం వాణ్ణి కూడా కాను."

"దగ్గుకి మతమేంటి? గంజి తాగుతావా?"

అప్పుడు ఇంటికి వెళ్ళి గంజి కాచి తెచ్చింది. ఆ తర్వాత పాస్టరు అయ్యగారు ఉప్పు ట్రాక్టరు ఒకటి మాట్లాడి పెడితే, అందులో గోనె సంచులు పరిచి పక్క ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తోడు మార్తమ్మ కూడా ఎక్కింది. "నిన్ను ఒక్కదాన్నే పంపితే, ఆయన్ని అక్కడ మరిచిపోయి ట్రాక్టరు ఒక్కటీ తీసుకొస్తావు ఒదినా," అంటూ ఎక్కింది.

ఆసుపత్రిలో హైమావతి అని ఒక నర్సమ్మ ఉండేది. పరీక్షలన్నీ అయ్యాక ఆమె వీళ్ళిద్దర్నీ పక్కకి పిలిచింది.

"క్షయ జబ్బు. ఆరు నెలలు మందు వాడితే తగ్గుతుంది. కానీ ఈయన రెండుసార్లు మందు మొదలుపెట్టి, దగ్గు కాస్త తగ్గగానే రెండుసార్లూ సంచి తగిలించుకుని వెళ్ళిపోయాడట. ఇది మూడోసారి. ఈసారి కూడా మధ్యలో మానేస్తే ఇక జబ్బు ఏ మందుకీ లొంగదు. మనిషి దక్కడు."

"అయితే మానకుండా చూడాలి," అంది సలోమమ్మ.

"చూసేవాళ్ళెవరు? ఈయనకి ఇల్లా, వాకిలా? రోజూ ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి మింగించాలి. ఒక్కరోజు కూడా మరిచిపోకూడదు."

ఆ మాటకి సలోమమ్మ తన కొంగు చివర తడుముకుంది. మరిచిపోకూడదట! లోకంలో ఆమెకి చేతకాని పని అదొక్కటే. కానీ తలుపు పక్కన బల్ల మీద భద్రయ్య తన సంచిని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వెళ్ళడానికి చోటు లేని మనిషి.

"నేను మింగిస్తాను," అంది.

"నువ్వా!" అంది మార్తమ్మ. "పొద్దున నువ్వు అన్నం తిన్నావో లేదో నన్నడుగుతావే, నువ్వా?"

"నేనే," అంది సలోమమ్మ.

చర్చి పక్కన వంటపాక ఒకటి ఉండేది. చుట్టూ గోడల్లేవు, పైన తాటాకు కప్పు. ఏడాదికి ఒకసారి క్రిస్మస్ విందు అందులో వండేవాళ్ళు. గాలి ఆడే చోటైతేనే మంచిదని, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలని, మందు పడేకొద్దీ జబ్బు ఇతరులకి అంటడం తగ్గుతుందని నర్సమ్మ చెప్పింది. అయ్యగారు సరేనంటే, భద్రయ్యకి ఆ పాకలో ఒక మూల మంచం వేశారు. వాన కొట్టే వైపు తడిక కట్టారు.

మార్తమ్మ ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పింది. "ఒదినా, దేవుడి ముంతలోంచి తీసి ఆయనకి గంజి కాయకు. కట్టుబాటు కట్టుబాటే."

"తీయను," అంది సలోమమ్మ. తీయలేదు కూడా. రోజూ దేవుడికి పిడికెడు తీశాక, భద్రయ్యకి ఇంకో రెండు పిడికిళ్ళు తీసేది. తన కుండలో ఆ మేరకి తగ్గించుకునేది. ముసలి కడుపు, సర్దుకుంటుందిలే అనుకునేది.

ఇక మరపు సంగతి. దానికి మాత్రం గట్టి ఉపాయం కావాలి కదా. కొంగు ముడులు పనికిరావని తేలిపోయింది. గోడ మీద బొగ్గుతో గీతలు గీసింది. వాన జల్లుకి చెరిగిపోయాయి. అప్పుడు మూడోసారి బాగా ఆలోచించింది. "నేను ఏం మరిచినా, నలభై ఏళ్ళుగా దేవుడి పిడికెడు మాత్రం మరవలేదు. నేను మరిచినా నా చెయ్యే వెళ్ళి తీస్తుంది," అనుకుంది.

అనుకుని, ఏం చేసిందో తెలుసా? మాత్రల అట్టని దేవుడి ముంతలో, బియ్యం మీద పెట్టేసింది!

వారానికి ఒక అట్ట. అట్టకి ఏడు అరలు. ఒక్కో అర మీద నర్సమ్మ పెన్నుతో రోజు పేరు రాసిచ్చింది. పొద్దున పిడికెడు వేద్దామని ముంత మీద మూత తీస్తే, ఎదురుగా అట్ట. వెంటనే మాత్రలు పట్టుకుని, చెంబుతో నీళ్ళు తీసుకుని పాకకి వెళ్ళేది. ఎదురుగా నిలబడి మింగించేది. "నోరు తెరువు" అనేది. భద్రయ్య చిన్నపిల్లాడిలా నోరు తెరిచి నాలుక చూపించేవాడు. ఆ తర్వాత కాసేపటికి గంజి వచ్చేది.

సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది, బుధవారం గడిచింది. సలోమమ్మకి ధైర్యం వచ్చింది. శనివారం నాటికి తనలో తనే పాట పాడుకుంది.

ఆ తర్వాత ఆదివారం వచ్చింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆదివారం ఆ ఊళ్ళో ఎవరూ పొద్దున్నే పొయ్యి వెలిగించరు. ముందు చర్చి, తర్వాతే వంట. పొయ్యి లేదు గనక పిడికెడూ లేదు. పిడికెడు లేదు గనక మూత తీయలేదు. ఉతికిన చీర కట్టుకుని, ముంత చంకలో పెట్టుకుని, గబగబా చర్చికి వెళ్ళి గంగాళంలో గుమ్మరించేసింది. వెళ్ళి చాప మీద కూర్చుంది.

మార్తమ్మ బియ్యం కలియబెడుతూ ఉంటే చేతికి ఏదో గరగరమని తగిలింది. పైకి తీసి చూసింది. మాత్రల అట్ట.

"ఒదినా!" అంది, చర్చి అంతా వినబడేలా. "దేవుడికి కూడా దగ్గు పట్టుకుందా ఏంటి? బియ్యంతో పాటు మాత్రలు పంపించావు!"

అందరూ పకపకా నవ్వారు. అయ్యగారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు.

సలోమమ్మ నవ్వలేదు. లేచి వచ్చి అట్ట అందుకుంది. ఆరు అరలు చిరిగి ఉన్నాయి. ఆదివారం అర చిరగలేదు. మాత్రలు లోపలే ఉన్నాయి.

అప్పుడు ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పాకకి పరిగెత్తింది. వెనకే నవ్వు ఆపేసి మార్తమ్మ. భద్రయ్య మంచం మీద లేచి కూర్చుని దారి వైపే చూస్తున్నాడు.

"చర్చికి వెళ్ళావు కదక్కా, వస్తావులే అనుకున్నా," అన్నాడు. మాత్రలు మింగి నోరు తెరిచి చూపించాడు.

ఆ రోజుకి ముప్పు తప్పింది. కానీ సలోమమ్మ అక్కడే పాక గుంజకి ఆనుకుని కూలబడిపోయింది. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట అప్పుడు బయటికి వచ్చేసింది.

"నాకు మరపు వస్తోంది మార్తా. హాస్యం కాదు, నిజంగానే. నిన్నటి సంగతి ఇవాళ ఉండటం లేదు. ఈయన ప్రాణం తెచ్చి నా బుర్రలో పెట్టుకున్నాను. నా బుర్రేమో చిల్లు ముంత."

మార్తమ్మ పక్కనే చతికిలబడింది. తన కొంగుతో ఒదిన మొహం తుడిచింది.

"చిల్లు ముంతైతే ఏం? కింద ఇంకో ముంత పెడదాం," అంది.

మర్నాటి నుంచి ఆ వీధిలో కొత్త పద్ధతి మొదలైంది. వీధి మొదట్లో మార్తమ్మ ఇల్లు. ఆమె పొద్దున్నే తన పిడికెడు వేసి, "దేవుడి పిడికెడు వేశాను, మాత్ర వేశారా?" అని పక్కింట్లోకి కేక పెట్టేది. పక్కింటావిడ తన పిడికెడు వేసి అవతలింటికి కేక పెట్టేది. అలా ఇంటి నుంచి ఇంటికి ఆ కేక నడుచుకుంటూ వచ్చి, వీధి చివర సలోమమ్మ పొయ్యి దగ్గరికి చేరేది. ఆదివారం పొయ్యి వెలిగినా వెలగకపోయినా కేక మాత్రం వచ్చేది. ఆమె మాత్రలు మింగించి వచ్చి, "వేశాడు!" అని తిరిగి కేక పెట్టేదాకా మార్తమ్మ నోట్లో నీళ్ళు పోసుకునేది కాదు.

అంతే కాదు, దేవుడి పిడికెడు తీసినప్పుడల్లా ఒక్కో ఇంటివాళ్ళు ఇంకో పిడికెడు విడిగా తీసి పాకకి పంపడం మొదలుపెట్టారు. ముంతలోది ముంతలోనే ఉంది. కట్టుబాటు చెడలేదు. సలోమమ్మ కుండ కూడా మళ్ళీ నిండింది.

నిద్రొస్తోందా? లేదూ? సరే.

ఎంతవరకు చెప్పాను? ఆఁ, క్రిస్మస్.

డిసెంబరు వచ్చేసరికి భద్రయ్య దగ్గు తగ్గింది. బుగ్గలు కాస్త నిండాయి. మంచం మీదే కూర్చుని వీధిలోవాళ్ళందరి గొడుగులూ బాగుచేసి పెట్టాడు. అప్పుడు ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళంతా విందు పనులు చూడటానికి పాకకి వచ్చారు. మార్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఈ పాకలో ఈసారి విందు ఎట్లా వండుతాం? పొయ్యిలు తవ్వడానికి చోటేదీ?" అంది.

ఆమె అడిగింది పొయ్యిల సంగతే. కానీ ఆమె గొంతు సంగతి నీకు తెలుసు కదా.

మర్నాడు పొద్దున కేక ఇంటి నుంచి ఇంటికి నడిచి వచ్చింది. సలోమమ్మ మాత్రలు, చెంబు పట్టుకుని పాకకి వెళ్ళింది. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. గంజి గిన్నె కడిగి బోర్లించి ఉంది. సంచి లేదు. మనిషి లేడు.

"వేశాడు" అనే కేక ఎంతకీ రాకపోతే మార్తమ్మే పరిగెత్తుకుంటూ వచ్చింది. ఖాళీ మంచం చూసింది. నిన్న తనన్న మాట తనకే గుర్తొచ్చింది.

"మూడోసారి," అంది సలోమమ్మ. ఆ మాట మాత్రం ఆమె మరిచిపోలేదు.

"నువ్వు చెంబు పట్టుకుని మెల్లగా రా ఒదినా. నేను ఉరుకుతాను," అని చీర ఎగదోపి మార్తమ్మ ఉప్పు మడుల గట్టు వెంబడి బస్సు రోడ్డుకి పరుగు తీసింది.

అప్పుడే బస్సు కదులుతోంది. మార్తమ్మ వెళ్ళి దానికి అడ్డంగా నిలబడింది.

డ్రైవరు తల బయటపెట్టి, "ఏమ్మా, చావాలనుందా?" అని అరిచాడు.

"నాకు లేదు నాయనా, లోపల కూర్చున్నాయనకే ఉంది! ఆ గొడుగులాయన్ని దింపు!"

భద్రయ్య తల వంచుకుని దిగాడు. "విందు వండుకోండమ్మా. నాకు దగ్గు తగ్గింది. ఇంకా మీ చోటు పట్టుకుని కూర్చోవడం బాగుండదు," అన్నాడు.

"నా నోరే అంత, దాన్ని ఎవరు బాగుచేస్తారు! గొడుగు కాదు కదా," అంది మార్తమ్మ, రొప్పుతూ. "అయినా ప్రభువు పుట్టిన పండక్కి చోటు లేదని ఒక మనిషిని బయటికి పంపి, ఆ అన్నం మేమెట్లా మింగేదయ్యా? పొయ్యిలు ఆరుబయట తవ్వుకుంటాం. పద."

ఈలోపు సలోమమ్మ వచ్చింది. చెంబులో నీళ్ళు సగం గట్టు మీద ఒలికిపోయాయి గానీ, అట్ట మాత్రం గుప్పిట్లో భద్రంగా ఉంది.

"ముందు మింగు తమ్ముడూ. తర్వాత మాట్లాడుకోండి."

బస్సులో జనమంతా కిటికీల్లోంచి చూస్తుండగా భద్రయ్య మాత్రలు మింగాడు. నోరు తెరిచి నాలుక చూపించాడు. "వేశాడు!" అని సలోమమ్మ కేక పెట్టింది. మడుల మీదుగా ఆ కేక ఊళ్ళోకి వినబడిందని చెప్పుకుంటారు.

ఆ ఏడు క్రిస్మస్ నాడు సన్నగా తుంపర పడింది. పాడైన గొడుగుల గుడ్డలన్నీ కలిపి కుట్టి, పొయ్యిల మీద భద్రయ్య పందిరి వేశాడు. నల్ల పందిరి కింద తెల్లటి అన్నం ఉడికింది. ఒక్క చినుకు కూడా కుండలో పడలేదు.

ఆ తర్వాత జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. ఏప్రిల్లో ఈస్టరు వెళ్ళిన మూడోనాడు హైమావతి నర్సమ్మ మళ్ళీ పరీక్షలన్నీ చేసింది. కాగితం చూసి, కళ్ళజోడు తీసి, సలోమమ్మ చెయ్యి పట్టుకుంది.

"జబ్బు లేదు. ఆరు నెలల్లో ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇదెట్లా చేశావు పెద్దమ్మా?"

"నాకు గుర్తు లేదమ్మా," అంది సలోమమ్మ. అబద్ధమేమీ కాదది.

భద్రయ్య ఇక ఆ ఊరు విడిచి పోలేదు. పగలంతా చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి గొడుగులు బాగుచేసి, సాయంత్రానికి పాకకి వచ్చేవాడు.

ఏళ్ళు గడిచాయి. సలోమమ్మకి మరపు ఇంకా పెరిగింది. చివరికి ఆమె భయపడినంతా అయింది. దేవుడి పిడికెడు తీయడం కూడా ఆ చెయ్యి మరిచిపోయింది.

కానీ చూడు, ఆ పిడికెడు మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. ఎందుకంటే రోజూ పొద్దున్నే భద్రయ్య వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"అక్కా, పిడికెడు!"

ఆమె తలెత్తి చూసేది. "నువ్వెవరు నాయనా?" అనేది.

"భద్రయ్యనక్కా. గొడుగులాయన్ని."

"అలాగా," అనేది. ఆయన ముంత మూత తీసి పట్టుకుంటే, పిడికెడు బియ్యం అందులో వేసేది. వేసి, రోజూ ఒకే మాట అడిగేది. పేర్లు పోయాయి, రోజులు పోయాయి, ఆ ఒక్క మాట మాత్రం పోలేదు.

"గంజి తాగావా నాయనా?"

"నువ్వు పోస్తే తాగుతానక్కా," అనేవాడు. అప్పుడు ఇద్దరూ కలిసి గంజి తాగేవాళ్ళు. దిగులు లేకుండా.

అదమ్మా కథ. మన వంటింట్లో కూడా ముంత ఉంది, చూశావుగా? ఒకవేళ రేపు పొద్దున నేను మరిచిపోతే, ఎవరు కేక పెట్టాలి?

నువ్వే. ఏదీ, ఒకసారి అను.

ఆఁ, అంత గట్టిగా కాదు, తాతయ్య లేస్తారు!

పిడికెడు బియ్యం ముంతకి,
వేడి గంజి గొంతుకి,
మరిచిన మాట తోడుకి,
తడిసిన తల గొడుగుకి,
కథేమో నడిచింది కంచికి,
కెజియా చేరింది మంచానికి.